మా బావ వడికిన మాస్కు

మా బావ ఇరవై రెండేళ్ళు కార్లకు రంగు కొట్టి, ఊపిరితిత్తులు సగం రంగు డబ్బాలకే ధారపోసి, నలభై తొమ్మిదో ఏట దారం వడకడం మొదలుపెట్టాడు. దారమంటే బట్టలు కుట్టే దారం కాదు. ఒక వెంట్రుక మందంలో అలాంటివి మూడొందలు పక్కపక్కన పడతాయి. కంటికి కనిపించదు, చేతికి తగలదు. "కనిపించని దారం వడికే ఉద్యోగమా? జీతమైనా కనిపిస్తుందా బావా?" అని మొదట్లో నేనే ఎగతాళి చేశాను. ఏడాది తిరక్కుండా నేనూ వెళ్ళి అదే గదిలో పనికి చేరాననుకోండి, అది వేరే సంగతి.

ఆ ఉద్యోగం బావను వెతుక్కుంటూ వచ్చింది. మేడమ్ గారి కారు తలుపు ఎవరో గీరేశారు. మేడమ్ అంటే ఈ మాస్కుల పరిశోధనకు పెద్ద దిక్కు, పేరు వెనక చదువులు రాయాలంటే రెండు వరసలు పట్టే మనిషి. కారు తీసుకెళ్దామని షెడ్డుకు వస్తే మా బావ రంగు డబ్బాలో పుల్ల ముంచి, పైకెత్తి, కారే బొట్టును చూస్తూ నిలబడి ఉన్నాడట. "ఇవాళ ఇవ్వలేనండీ. గాలిలో తడి ఉంది. కొడితే రంగు పొక్కుతుంది" అన్నాడట. మేడమ్ అక్కడే పాత టైరు మీద కూలబడి, "తడి ఉందని ఎలా తెలిసింది?" అని అడిగారు. ఆవిడ గదిలో నాలుగు నెలలుగా అదే గోల. కొన్ని రోజులు దారం చక్కగా వస్తుంది, కొన్ని రోజులు దారానికి బదులు పూసలు పూసలుగా పడుతుంది. ఎందుకో అంత చదువుకున్నవాళ్ళకీ అంతు చిక్కలేదు. మా బావ వెళ్ళి ఒక్క పూట చూసి, "కిటికీ మూయండి, మందు కాస్త చిక్కగా కలపండి" అన్నాడు. అంతే, ఆయన ఉద్యోగం ఖాయమైంది. అప్పటికే డాక్టరు రంగు పని మానకపోతే నెలలే అని చెప్పి ఉన్నాడు. ఉద్యోగం వచ్చిన రోజు మా అక్క సంతోషంతో ఎన్నిసార్లు ముక్కు చీదిందో లెక్కలేదు.

గదిలో అందరూ ఆయన్ని "పెయింటరు గారూ" అనే పిలుస్తారు. మేడమ్ కూడా అంతే.

యంత్రం చూస్తే పెద్ద ఏమీ కాదు. ప్లాస్టిక్కును మందులో కరిగించి జిగురులా చేస్తారు. దాన్ని సూదిమందు గొట్టంలో నింపి, సన్నటి సూది గుండా మెల్లగా నెడతారు. సూదికి చేయి తగిలితే మనిషి మసైపోయేంత కరెంటు పెడతారు. ఎదురుగా ఒక డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది, దానికి ఉల్లిపొరంత పలచని గుడ్డ చుట్టి ఉంటుంది. సూది కొన మీద బొట్టు ఆ కరెంటుకు సాగి, గాల్లోనే గిరగిరా తిరుగుతూ ఆరిపోయి, దారమై గుడ్డ మీద పడుతుంది. దారం పోవడం ఎవరికీ కనిపించదు. నలభై నిమిషాలయ్యాక చూస్తే గుడ్డ మీద అద్దం మీద ఊదిన ఆవిరంత తెలుపు కనిపిస్తుంది. ఆ తెలుపే మాస్కు. వైరస్సు మోసుకొచ్చే తుంపరలు ఆ దారాల చిక్కులో పడి ఆగిపోవాలి, గాలి మాత్రం సాగిపోవాలి.

ఆగడం ఎంత, సాగడం ఎంత అని కొలవడానికి ఇంకో యంత్రం ఉంది. అరచేయంత గుండ్రటి ముక్క కత్తిరించి అందులో బిగిస్తే, అది ఉప్పునీటి తుంపరను ఊది రెండు అంకెలు చెబుతుంది. నూటికి ఎన్ని తుంపరలు ఆగాయన్నది మొదటిది. తొంభై అయిదు దాటితేనే పాసు. ఊపిరి తీయడం ఎంత బరువన్నది రెండోది. అది ఎంత తగ్గితే అంత మేలు. ఈ రెండంకెలూ అత్తాకోడళ్ళు. ఒకటి నవ్విందంటే రెండోది మూతి ముడుస్తుంది.

ఆ గుండ్రటి ముక్కలు కత్తిరించేది నేను. అంతకుముందు పద్నాలుగేళ్ళు దర్జీ షాపులో కటింగ్ బల్ల దగ్గర ఉన్నాను. నా చేతి కింద గుడ్డ వంకర పోయిందని ఇంతవరకు ఒక్కరూ అనలేదు. అనేవాళ్ళకు నా నోరు తెలుసు.

ఇక మా అక్క. జ్వరాల వార్డులో నర్సు. మేమంతా ఈ మాస్కు కోసం అంత ఆరాటపడటానికి కారణం ఆవిడే. వార్డులో ఇచ్చే పాత మాస్కులు పెట్టుకొని ఆరు గంటలు తిరిగితే తల తిరుగుతుంది, ఊపిరందదు. "ఏం చేస్తామే, మందుల గదిలోకి పోయి మాస్కు కిందికి లాగి నాలుగు ఊపిర్లు పీల్చుకొస్తాం" అని అక్క ఒకసారి నవ్వుతూ చెప్పింది. బావ నవ్వలేదు. "ఆ నాలుగు ఊపిర్లే కొంప ముంచుతాయి" అన్నాడు. అప్పటినుంచి గదిలో ఎవరు ఏ అంకె చెప్పినా ఆయన రెండో అంకే అడిగేవాడు. కానీ అది నూట పదహారు, నూట ఇరవై దగ్గరే మొరాయించేది, కిందికి దిగేది కాదు. మొదటి అంకె కూడా ఒకసారి తొంభై ఆరు, ఒకసారి తొంభై నాలుగు.

పదిహేడో విడతకు మొదటి అంకె తొంభై తొమ్మిదిన్నర వచ్చింది. ఊపిరి బరువు మళ్ళీ నూట పద్ధెనిమిదే. అయినా తొంభై తొమ్మిదిన్నర అంటే మాటలా! మేడమ్ అందరికీ టీ తెప్పించారు. ఊపిరి సంగతి తర్వాత చూద్దాం, ముందు మనుషులు పెట్టుకొని చూడనీ అన్నారు. నలభై మాస్కులు కుట్టించి వార్డుకు పంపాం. పదిమంది నర్సులు, నాలుగు రోజులు. ఆ పదిమందిలో అక్క ఉంది. "మా ఆయన వడికింది, మా చెల్లి కత్తిరించింది, నేను పెట్టుకోకపోతే ఎవరు పెట్టుకుంటారు?" అని తనే ముందు చెయ్యెత్తిందట.

మేం ముగ్గురం ఉండేది ఒకే ఇంట్లో. మూడో రోజు సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే భోజనాలకు కూర్చున్నాం. అక్క మంచి హుషారుగా ఉంది.

"ఈ కొత్త మాస్కు ఎంత బాగుందోనండీ! పెట్టుకున్నట్టే లేదు. హాయిగా ఊపిరాడుతోంది. మా వాళ్ళందరూ మీకు దండం పెట్టి రమ్మన్నారు" అంది.

"ఆ దండంలో సగం నాకు రావాలి" అన్నాను నేను.

బావ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "పాతవాటికంటే తేలికా?" అని అడిగాడు.

"పాతవాటితో పోలికేంటండీ! సగానికి సగం తేలిక."

"సగమా? సరిగ్గా ఆలోచించి చెప్పు."

నాకు ఒళ్ళు మండింది. "ఏంటి బావా, మనిషి నోరారా మెచ్చుకుంటుంటే కోర్టులో సాక్షిని అడిగినట్టు అడుగుతావ్? పొగడ్త కూడా మింగుడు పడదా నీకు?"

బావ ముద్దను కంచంలో పెట్టేశాడు. "మన యంత్రం నూట పద్ధెనిమిది చూపించింది. పాతవాటికీ అంతే వచ్చేది. ఊపిరి బరువు అంతే అయినప్పుడు సగం తేలికగా ఎలా ఉంటుంది?"

"యంత్రం తప్పు చూపించిందేమో."

"దానికి తప్పు చూపించేంత తెలివి లేదు మరదలా. మనం ఏది పెడితే అదే కొలుస్తుంది. వార్డుకు పంపిందీ, యంత్రంలో పెట్టిందీ ఒకటి కాదు." అలా అని అక్క వైపు చూశాడు.  "ఊపిరి సగం తేలికైతే దారమూ సగమే ఉండాలి. అప్పుడు ఆగేది ఎంతో నాకు తెలీదు."

అక్క కంచం పక్కకు జరిపింది. తర్వాత మెల్లగా, "ఇవాళ ముసలావిడ ఒకామె నా ముఖం మీదే దగ్గిందండీ. మాస్కు బాగుందిగా అని నేనే దగ్గరగా వంగాను. పాతదైతే వంగేదాన్ని కాదు" అంది.

 ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

బావ చెయ్యి కడుక్కొని మేడమ్‌కు ఫోన్ చేశాడు. నేనైతే రేపు చూద్దాంలే అనేదాన్ని. నిజం ఒప్పుకోవాలిగా. ఆయన ఒక్క నిమిషం ఆగలేదు. "మేడమ్, వార్డులో ఆ మాస్కులు ఇప్పుడే ఆపించండి. ఎందుకో రేపు పొద్దున్న చెబుతాను, ఇప్పుడు నాకూ తెలీదు" అన్నాడు. అవతల మేడమ్ ఏమన్నారో గానీ, పది నిమిషాలకు అక్క ఫోనుకు వార్డు నుంచి కబురొచ్చింది. మాస్కులు వెనక్కి తీసేసుకున్నారు. పదిమందీ అయిదు రోజులు ఇంట్లో విడిగా ఉండాలి, ఆరో రోజు పరీక్ష. అక్క మేడ మీద నా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున్న ఆరింటికే నేనూ బావా గది తలుపు తీశాం. మేడమ్ అప్పటికే వచ్చి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. బావ తిన్నగా చిత్తుముక్కల డబ్బా దగ్గరికి వెళ్ళాడు. కత్తిరించగా మిగిలిన ఏ ముక్కనూ ఏడాది దాకా పారేయకూడదని మేడమ్ నియమం. ఆ నియమం మీద నేను ఎన్ని జోకులు వేశానో! పదిహేడో విడత షీటు దొరికింది. మూడు గుండ్రటి కన్నాలతో ఉంది. బావ దాన్ని వెలుతురుకు పట్టుకొని, ఒక మూల దగ్గర నోటితో మెల్లగా ఊదాడు.

షీటు రెండుగా విడిపోయింది.

ఒకదాని మీద ఒకటి రెండు షీట్లు. ఎంతలా అతుక్కుపోయాయంటే, కన్నాలు కూడా అంచుకు అంచు కలిసే ఉన్నాయి. నేను ఒకటనుకొని రెండింటినీ కలిపి కత్తిరించాను. యంత్రంలో బిగించిన మూడు ముక్కలూ జోడీలే. వార్డుకు వెళ్ళిన మాస్కుల్లో మాత్రం ఒక్కో పొరే.

ఎలా జరిగిందో నాకు ఆ క్షణమే గుర్తొచ్చింది. డ్రమ్ము నుంచి తీసిన షీట్లలో ఇంకా కరెంటు గుణం మిగిలి ఉంటుంది, ఒకదాన్నొకటి వదలవు. అందుకే ప్రతి రెండింటి మధ్యా నున్నటి కాగితం వేస్తాం. ఆ రోజు పొద్దున్న కాగితం చుట్ట అయిపోయింది. కొత్తది మధ్యాహ్నానికి గానీ రాదన్నారు. ఆ మాత్రానికి పని ఆపుతానా? మొదటి రెండు షీట్లూ కాగితం లేకుండానే పెట్టేశాను. నా వేళ్ళకు తెలీకుండా పొర దాగుతుందా అనుకున్నాను. పద్నాలుగేళ్ళ చెయ్యి కదా! మధ్యాహ్నం కాగితం వచ్చాక తీసిన షీట్లే మాస్కులు కుట్టేవాళ్ళకు వెళ్ళాయి. పరీక్షకు నా పొద్దుటి జోడీ వెళ్ళింది.

 మా అక్క ముఖం మీద ముసలావిడ దగ్గడమే కళ్ళ ముందు కనిపించింది. బావ రెండో షీటు నుంచి ఒంటి ముక్క తనే కత్తిరించి యంత్రంలో బిగించాడు. ముగ్గురం అంకెల వైపు చూస్తూ నిలబడ్డాం. తొంభై మూడు. ఊపిరి బరువు యాభై తొమ్మిది.

"తొంభై మూడు" అన్నారు మేడమ్, గుండెల్లోంచి గాలి వదిలి. "పాసు కాదు. కానీ చిల్లుల గుడ్డ కూడా కాదు పెయింటరు గారూ."

"నూటికి ఏడు లోపలికి వెళ్ళాయి కదండీ" అన్నాడు బావ. ఆ ఏడు అనే అంకె మా ఇంట్లో అయిదు రోజులు తిష్ఠ వేసుకుంది.

తర్వాత బావ గదిలో రోజూ పని రాసే పుస్తకం తీసి జరిగింది రాశాడు. ఏ షీట్లు, ఏ పూట, కాగితం ఎందుకు లేదు. కత్తిరించింది ఎవరు అన్న చోట నా పేరు రాశాడు. అది చూసి నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

"సొంత మరదలి పేరు రాస్తావా? ఎవరో ఒకరు అని రాయలేవా?"

"ఎవరో ఒకరు కాగితం వేయలేదు అంటే రేపు అందరూ అది ఇంకెవరో అనుకుంటారు" అన్నాడు. "కింద కూడా చదువు."

కింద ఇలా ఉంది: ఊపిరి బరువు ఎప్పటిలాగే వచ్చినా, వడపోత ఒక్కసారిగా ఎందుకు పెరిగిందో పెయింటరుకు అనుమానం రావాలి. రాలేదు. అంకె బాగుందని సంబరపడి ఊరుకున్నాడు.

రెండు తప్పులూ పక్కపక్కనే ఉన్నాయి. అయినా నాకు కోపం పోలేదు. కోపం కూడా కాదది, సిగ్గు. నా సిగ్గుకు కోపం చొక్కా తొడుక్కునే అలవాటుంది.

ఆ అయిదు రోజులూ బావ ఖాళీగా కూర్చోలేదు. కూర్చుంటే పిచ్చెక్కేదేమో. "ఒక పొరకు తొంభై మూడు, యాభై తొమ్మిది. రెండు పొరలకు తొంభై తొమ్మిదిన్నర, నూట పద్ధెనిమిది. పూసలు తగ్గినా పూర్తిగా పోలేదు, ఇన్నాళ్ళూ ఆ దారంతోనే కుస్తీ పట్టాం కాబట్టి బరువు దిగలేదు. ఇప్పటి దారం మంచిది. మధ్యలో ఎక్కడో మనకు కావలసింది ఉంది" అన్నాడు. డ్రమ్మును నలభై నిమిషాలకు బదులు గంటసేపు తిప్పాడు. నేను ప్రతి షీటు మధ్యా కాగితం వేసి, కత్తిరించే ముందు నాలుగు మూలలా ఊది, అప్పుడు కత్తిరించాను. తొంభై ఎనిమిది. ఊపిరి బరువు ఎనభై తొమ్మిది. మళ్ళీ చేశాం, మళ్ళీ అంతే. రెండేళ్ళుగా చచ్చీ చెడీ వెతుకుతున్నది నా వెధవ పొరపాటులో దొరికింది. మేడమ్ ఈసారి టీ తెప్పించలేదు. "ఆరో రోజు పోనివ్వండి, అప్పుడు తాగుదాం" అన్నారు.

ఇంట్లో నేను మూడు పూటలా ట్రే పట్టుకెళ్ళి తలుపు ముందు పెట్టి, రెండు మెట్లు దిగి అక్కడే కూర్చునేదాన్ని. అక్క తలుపు తీసి ట్రే తీసుకునేది. లోపల చెంచా చప్పుడయ్యేది. "కూరలో ఉప్పెక్కువైందే" అని లోపల్నుంచి అరిచేది. "తినేవాళ్ళకు నోరెక్కువైంది" అని నేను అరిచేదాన్ని. అక్క తుమ్మితే నాకు చచ్చేంత భయం. మూడో రోజు రెండుసార్లు తుమ్మింది. నేను థర్మామీటరు తెచ్చి తలుపు సందులోంచి తోశాను. జ్వరం లేదు. పాత దుప్పటి దుమ్మట. ఆ దుప్పటి ఉతకనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను, ఉతికుంటే ఆ గంటసేపు గుండె దడ ఉండేది కాదు. చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేదు. తలుపు దాకా వచ్చేది, నాలుక మీద ఆగిపోయేది. పరీక్ష బాగా వస్తే చెప్పొచ్చులే అనుకున్నాను. బాగా రాకపోతే ఏం చేస్తానో ఊహించుకునే ధైర్యం లేకపోయింది.

ఆరో రోజు పొద్దున్నే వార్డువాళ్ళు వచ్చి ముక్కులోంచి నమూనా తీసుకెళ్ళారు. మధ్యాహ్నం కల్లా ఫోన్ వస్తుందన్నారు. బావా నేనూ మెట్ల కింద నిలబడ్డాం. బావ చేతిలో ఒక గుడ్డ ముక్క ఉంది, దాన్ని మడిచి విప్పి మడిచి విప్పి చంపుతున్నాడు. మేడ మీద ఫోన్ మోగింది. అక్క గొంతు వినిపించింది గానీ మాటలు తెలియలేదు. "ఊఁ... ఊఁ... అందరిదీనా?... ఊఁ." ఆ మూలుగుల్లోంచి మంచో చెడో ఎవడికి తెలుస్తుంది? "మాట్లాడవే తల్లీ!" అని నేను కింద నుంచి కేక పెట్టాను.

తలుపు తెరుచుకుంది. అక్క పై మెట్టు మీద నిలబడింది. "ఏమీ లేదు. పదిమందిలో ఎవ్వరికీ ఏమీ లేదు" అంది.

హమ్మయ్య అన్నానో, అరిచానో తెలీదు. ప్రాణం లేచొచ్చింది. బావ ఉన్నచోటనే మెట్టు మీద చతికిలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆయన భుజాలు కదలడం ఇన్నేళ్ళలో అదే మొదటిసారి చూశాను. కాసేపటికి మేడమ్‌కు ఫోన్ చేసి, "అందరూ బాగున్నారండీ. అయితే మన మాస్కే కాపాడిందని మాత్రం ఎక్కడా రాయకండి. మనకు తెలీదు కదా. అదృష్టాన్ని మన ఖాతాలో వేసుకోవద్దు" అన్నాడు. 

నేను నాలుగేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కేశాను. ఇంకా ఆగితే ఎప్పటికీ చెప్పలేను.

"అక్కా, ఆ షీట్ల మధ్య కాగితం వేయనిది నేనే. రెండు పొరలు కలిపి కత్తిరించిందీ నేనే. నా వల్లే నువ్వు..."

"తెలుసే" అంది అక్క.

"ఎలా తెలుసు?"

"మొదటి రోజే మీ బావ తలుపు దగ్గర నిలబడి అంతా చెప్పారు."

 "మరి అయిదు రోజుల నుంచీ ఒక్క మాట అనలేదేం? తిట్టొచ్చుగా!" అన్నాను. తిట్టనందుకు నాకే కోపం వచ్చింది.

"తిడదామనే అనుకున్నాను. మొదటి రోజు బాగా కోపం వచ్చింది కూడా. కానీ నువ్వు ట్రే పెట్టి పోకుండా ఆ మెట్టు మీదే కూర్చునేదానివి. నేను చెంచా పట్టుకున్న చప్పుడు వినేదాకా నీ ఊపిరి కూడా వినబడేది కాదు. తలుపు సందులోంచి నీ వీపు చూసేదాన్ని. ఇక ఏమని తిట్టను చెప్పు?" అంది అక్క. "రా ఇలా."

అక్క నన్ను దగ్గరికి లాక్కుంది. ఇద్దరి మూతుల మీదా ఏమీ లేదు. అక్క ఊపిరి నా మెడ మీద వెచ్చగా తగిలింది. ఒక్క క్షణం అలవాటుగా బిగుసుకుపోయాను. ఆ ఊపిరికి ఇక భయపడనక్కర్లేదని గుర్తొచ్చి, ఆవిడ భుజం తడిసేదాకా ఏడ్చాను.